సోఫాలో కునుకు, పక్క మీద మెలకువ: పడుకునే ముందు గంట మీరెలా గడుపుతారు?

మాగన్ను | ఆదివారం, రాత్రి 11:52

సాయంత్రం సోఫాలో కూర్చుంటే కళ్లు వాటంతటవే మూతలు పడతాయి. ఎదురుగా టీవీలో ఏం వస్తోందో కూడా తెలీదు. సరే, పడుకుందామని లేచి, పళ్లు తోముకుని పక్క మీద వాలానో లేదో ఆ మగత మొత్తం ఎగిరిపోతుంది. పదకొండుకి లైటు ఆర్పితే ఒంటిగంట దాకా అటూ ఇటూ దొర్లడమే. పొద్దున ఆరున్నరకి అలారం. శని, ఆదివారాల్లో మాత్రం తొమ్మిదిన్నర దాకా లేవను. వారం మొత్తంలో కడుపు నిండా నిద్రపోయేది ఆ రెండు పూటలే.

ఆఫీసు పని రాత్రి తొమ్మిది, ఒక్కోసారి పది దాకా సాగుతుంది. ఆ తర్వాత ఫోను. వేరే ఇబ్బందులేమీ లేవు, మందులు వాడను. వయసు 38.

నిద్రకు ముందు ఒక పద్ధతి పెట్టుకోమని అందరూ అంటారు. వెతికితే చిట్కాలు కుప్పలుగా దొరుకుతున్నాయి. వాటిలో ఏది ముఖ్యం, ఏది ముందు, ఏది వెనక అన్నది మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ఈ ఇబ్బంది పడి బయటపడ్డవాళ్లుంటే చివరి గంట ఎలా గడుపుతారో కాస్త వివరంగా చెప్పండి.

పాతకాపు | సోమవారం, ఉదయం 6:10

బాబూ, ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ నాది ఒకటే వరస. తొమ్మిదిన్నరకి తలుపులు గడియ వేసి, మర్నాటికి కావలసిన బట్టలు తీసిపెట్టుకుని, కాళ్లూ చేతులూ మొహం కడుక్కుని, చిన్న దీపం కింద పుస్తకం పట్టుకుంటాను. అది ఇదివరకు చదివిన పుస్తకమే అయి ఉంటుంది. కొత్తదైతే తర్వాత ఏమవుతుందోనని వదలబుద్ధి కాదు. ఒకే వాక్యం రెండోసారి చదువుతున్నానని తెలియగానే దీపం ఆర్పేస్తాను. వరస మారకుండా చూసుకో. అన్నిటికన్నా అదే ముఖ్యం.

వేకువచుక్క | సోమవారం, ఉదయం 9:35

మాగన్ను గారూ, మీ మొదటి రెండు మాటల్లోనే అసలు సంగతి ఉంది. సోఫాలో మీకు నిద్ర వస్తోంది, అంటే నిద్రపోయే శక్తి ఎక్కడికీ పోలేదు. పక్క దగ్గరకు వెళ్లేసరికే పోతోంది. నాదీ సరిగ్గా ఇదే కథ కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

నెలల తరబడి రోజూ రెండేసి గంటలు పక్క మీద మెలకువగా పడుకుని, గడియారం చూసుకుంటూ, రేపటి సంగతి తలుచుకుని కంగారుపడుతూ ఉంటే, ఆ పక్కంటే మెలకువగా ఉండే చోటు అని ఒంటికి అలవాటైపోతుంది. మీరు ఎంత అలసిపోయి వెళ్లినా దిండు మీద తల పెట్టగానే మెదడు కాపలా మొదలుపెడుతుంది. దీన్ని విడగొట్టే పద్ధతిని రిచర్డ్ బూట్జిన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1972లో రాశారు. నిద్రలేమి చికిత్సలో ఇప్పటికీ అది ప్రధాన భాగం.

చేయవలసింది చెప్పుకోవడానికి తేలికే. మగత వచ్చాకే పక్క మీదకు వెళ్లాలి. గడియారంలో పదకొండయింది కదా అని వెళ్లకూడదు. పక్క మీద ఫోను, ఆఫీసు పని, మర్నాటి లెక్కలు ఏవీ వద్దు. నిద్ర, దాంపత్యం, ఆ రెండిటికే పక్క. ఓ పావుగంట, ఇరవై నిమిషాలు పట్టకుండా ఉన్నట్టు అనిపిస్తే లేచి వేరే గదిలోకి వెళ్లి, తక్కువ వెలుతురులో నిదానంగా ఏదైనా చేసుకుంటూ కూర్చోవాలి. మళ్లీ రెప్పలు బరువెక్కాకే తిరిగి రావాలి. రాత్రికి ఎన్నిసార్లు లేవాల్సి వచ్చినా సరే. పొద్దున మాత్రం లేచే వేళ మారకూడదు.

అలసట వేరు, మగత వేరు. ఒళ్లు నొప్పులు, చిరాకు, ఇక ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం అలసట. ఆవులింతలు, తల వాలిపోవడం, చదివింది ఎక్కకపోవడం మగత. అలసటతో పక్క మీదకు వెళితే దొర్లాల్సి వస్తుంది.

ఇంకొకటి. ఆ సోఫా కునుకు ఆపేయండి. రాత్రి నిద్రలో కొంత అక్కడే ఖర్చవుతోంది.

పరీక్షలరాయుడు | సోమవారం, మధ్యాహ్నం 1:20

అక్కా, వేరే గది ఉన్నవాళ్లకి ఇది బానే ఉంటుంది. నేనుండేది ఒకే గదిలో, ఇద్దరం. మంచం మీదే చదువు, మంచం మీదే తిండి, మంచం మీదే నిద్ర. అర్ధరాత్రి లేచి ఎక్కడికి వెళ్లను? పైగా పొద్దున పరీక్ష పెట్టుకుని పక్క దిగి కూర్చుంటే ఉన్న కాస్త విశ్రాంతీ పోతుంది కదా?

వేకువచుక్క | సోమవారం, మధ్యాహ్నం 2:05

తమ్ముడూ, గది మారడం ముఖ్యం కాదు, నిద్రపోయే భంగిమా చోటూ మారడం ముఖ్యం. చదువుకి నేల మీద గోడవైపు చాప వేసుకో. మంచం మీదే కూర్చోక తప్పకపోతే కాళ్లవైపు తిరిగి కూర్చో, దిండూ దుప్పటీ మడిచి పక్కన పెట్టెయ్. రాత్రి అవి పరిచాక ఇక పుస్తకం ముట్టుకోవద్దు. మధ్యలో మెలకువ వస్తే లేచి ఆ చాప మీద కూర్చుంటే చాలు.

మెలకువగా కంగారుపడుతూ పడుకోవడం విశ్రాంతి అని నేను ఒప్పుకోను. ప్రశాంతంగా, హాయిగా పడుకుని ఉంటే లేవక్కర్లేదు. "పట్టడం లేదే, పట్టడం లేదే" అని మొదలైతే మాత్రం లేవాలి.

నిదానం | సోమవారం, రాత్రి 8:40

నిద్రలేమితో వచ్చేవాళ్లతో పనిచేసే సైకాలజిస్టుని. పైన చెప్పినవి మంచి మాటలే. నేను పొద్దుటి గురించి చెబుతాను, ఎందుకంటే పడుకునే ముందు పద్ధతి ఎంత చక్కగా పెట్టుకున్నా పొద్దున లేచే వేళ గాలికి వదిలేస్తే అది నిలబడదు.

అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం నిద్రను రెండు విషయాలు నడుపుతాయి. ఒకటి నిద్ర ఒత్తిడి. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడెనోసిన్ లాంటి పదార్థాలు పేరుకుంటాయి. ఆకలిలాగే ఇదీ గంటలు గడిచేకొద్దీ పెరుగుతుంది, చిరుతిండి తింటే ఆకలి చచ్చినట్టు చిన్న కునుకుతో తగ్గుతుంది. రెండోది ఒంట్లోని గడియారం. మెదడు అడుగున ఉండే హైపోథలామస్ అనే భాగంలోని ఒక చిన్న కణాల గుంపు దాన్ని నడుపుతుంది. ఆ గడియారం మనుషుల్లో సగటున 24 గంటల కన్నా కాస్త ఎక్కువే తిరుగుతుంది. రోజూ దాన్ని సరిచేసేది వెలుతురు, అందులోనూ పొద్దుటి వెలుతురు.

ఇప్పుడు మాగన్ను గారి లెక్క చూద్దాం. ఆరున్నరకి లేచిన రోజు రాత్రి పదకొండుకి ఆయన మెలకువగా ఉండి పదహారున్నర గంటలు. ఆదివారం తొమ్మిదిన్నరకి లేస్తే అదే పదకొండుకి పదమూడున్నర గంటలే. మూడు గంటల ఒత్తిడి తక్కువ. ఒంట్లోని గడియారం కూడా ఆలస్యంగా నడుస్తుంటుంది. ఆయన ఈ ప్రశ్న రాసింది ఆదివారం అర్ధరాత్రి కావడం ఊరికే కాదు. వారాంతానికీ పనిరోజులకీ మధ్య ఉండే ఈ తేడాని టిల్ రోనెబర్గ్, ఆయన సహచరులు 2006లో సోషల్ జెట్‌లాగ్ అన్నారు.

అందుకని నా దగ్గరకు వచ్చేవాళ్లకి మొదట ఇచ్చే పని ఒకటే. లేచే వేళ ఖాయం చేసుకోండి, సెలవు రోజున కూడా గంటకు మించి జరపొద్దు. లేవగానే ఆరుబయట వెలుతురులోకి వెళ్లండి. మొదట్లో రెండు మూడు రోజులు తూలుతున్నట్టు ఉంటుంది, వాహనం నడిపేటప్పుడు జాగ్రత్త. ఆ తర్వాతే రాత్రి సంగతి.

కాఫీ, టీలు ఎన్నింటికి ఆపుతారు? కెఫీన్ అడెనోసిన్ పని చేయాల్సిన చోట్లను అడ్డుకుంటుంది. తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013 నాటి అధ్యయనం ఒకటి చూపించింది.

మాగన్ను | సోమవారం, రాత్రి 9:25

సాయంత్రం ఆరింటికి ఒక కప్పు తాగుతాను. దాన్ని మధ్యాహ్నానికి జరుపుతాను.

వారాంతం నిద్ర వదులుకోవాలంటే మనసు ఒప్పడం లేదు గానీ మీరు వేసిన లెక్క చూశాక కాదనలేకపోతున్నాను. ఇంకో విషయం అడగాలి. లైటు ఆర్పగానే ఆఫీసు పని గుర్తొస్తుంది. ఎవరికి ఏం జవాబివ్వాలి, ఏది మర్చిపోయాను, ఇవే. ఊపిరి మీద ధ్యాస పెట్టమంటారు, పెడితే రెండో ఊపిరికే మళ్లీ అక్కడికే పోతుంది.

స్లేటుపలక | సోమవారం, రాత్రి 10:02

దీనికి నాకు బాగా పనిచేసింది కాగితం, పెన్ను. మర్నాడు చేయాల్సినవి రాసిపెట్టడం, అంతే. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు 57 మందిని ప్రయోగశాలలో పడుకోబెట్టి చూశారు. పడుకునే ముందు 5 నిమిషాలు కొందరు రాబోయే పనులు రాశారు, కొందరు అప్పటికే పూర్తిచేసిన పనులు రాశారు. రాబోయేవి రాసినవాళ్లకి సగటున సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా పట్టింది.

వివరంగా అన్న మాట గమనించండి. "రిపోర్టు" అని రాస్తే అది బుర్రలోనే ఉంటుంది. "పొద్దున పదింటికి రిపోర్టులో మూడో పట్టిక సరిచూసి పంపాలి" అని రాస్తే బుర్ర వదిలేస్తుంది. పక్క మీద కాదు, బల్ల దగ్గర కూర్చుని రాయండి. పడుకోవడానికి గంట ముందే రాసేస్తే ఇంకా మంచిది.

పనులు కాని దిగుళ్లు ఉంటాయి, డబ్బు, ఆరోగ్యం, పిల్లలు. వాటికి నేను సాయంత్రమే ఒక పావుగంట కేటాయిస్తాను. దిగులు ఎడమవైపు, దానికి నేను వేయగల తర్వాతి అడుగు కుడివైపు. అడుగేమీ లేకపోతే లేదు అనే రాస్తాను. రాత్రి మళ్లీ వచ్చినా, దీన్ని చూసేశాను అన్న ధైర్యం ఉంటుంది.

తెరవెలుగు | మంగళవారం, ఉదయం 7:48

ఇంతసేపూ ఫోను మాటే ఎవరూ గట్టిగా ఎత్తలేదు. నీలి వెలుతురు మెలటోనిన్‌ని, అంటే రాత్రయిందని ఒంటికి చెప్పే హార్మోన్‌ని తొక్కేస్తుంది, అదే కదా అసలు దోషి? నైట్ మోడ్ పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అంటున్నారు.

నిదానం | మంగళవారం, రాత్రి 8:15

కంట్లో మెలనాప్సిన్ అనే, వెలుతురుని పసిగట్టే పదార్థం ఉన్న కణాలు నీలి వెలుతురుకి ఎక్కువగా స్పందిస్తాయన్నది నిజం. అయితే ఎంత అన్నది చూడాలి. 2015లో అచ్చయిన ఒక అధ్యయనంలో పడుకునే ముందు నాలుగేసి గంటలు, వరసగా ఐదు సాయంత్రాలు వెలుతురు తెర మీద చదివించారు. అచ్చు పుస్తకం చదివినప్పటితో పోలిస్తే నిద్ర పట్టడం సుమారు 10 నిమిషాలు ఆలస్యమైంది, మెలటోనిన్ విడుదల కూడా గంటన్నర ఆలస్యమైంది. తీసిపారేయాల్సింది కాదు. కానీ రెండు గంటలు నిద్ర పట్టకపోవడానికి తెర వెలుతురు ఒక్కటే కారణం అనలేం.

ఫోనులో ఏం చూస్తున్నారన్నది నాకు అంతకన్నా ముఖ్యం. ఆఫీసు మెయిలు, వాదోపవాదాలు, ఎంత జరిపినా అంతులేని చిన్న వీడియోలు, ఇవి మనిషిని లేపి కూర్చోబెడతాయి. తెర రంగు పసుపుగా మార్చినంత మాత్రాన మెయిలులోని చిరాకు తగ్గదు. అదీగాక ఫోను చూస్తూ మగతని దాటేస్తాం. వచ్చిన మొదటి ఆవులింతను పట్టుకోకపోతే అది పోతుంది.

పైకప్పు లైట్ల సంగతి కూడా జనం మర్చిపోతారు. పడుకునే ముందు మామూలు గది వెలుతురులో ఉన్నా మెలటోనిన్ ఉండే వ్యవధి సుమారు గంటన్నర తగ్గిందని 2011లో ఒక అధ్యయనం తేల్చింది. రాత్రయ్యాక పెద్ద లైటు ఆర్పి, కంటికి నేరుగా తగలని చిన్న దీపం పెట్టుకోండి. ఫోను వేరే గదిలో ఛార్జింగ్ పెట్టి, అలారానికి మామూలు గడియారం వాడుకోండి.

బుజ్జిగాడి_అమ్మ | మంగళవారం, రాత్రి 10:30

మీరంతా రాస్తున్నది చదువుతుంటే నాకు అనిపించింది, మా బుజ్జిగాడికి ఇవన్నీ చేస్తాను, నాకు నేను ఏమీ చేసుకోను. వాడికి స్నానం, ఒళ్లు రుద్దడం, ఒక కథ, లైటు ఆర్పడం. రోజూ అదే వరస. 405 మంది తల్లులూ పిల్లలతో 2009లో చేసిన ఒక పరిశీలనలో సరిగ్గా ఇలాంటి వరసే పెట్టారు, స్నానం అయిన అరగంటలోపు లైటు ఆర్పేయాలి. రెండు వారాల్లో పిల్లలు త్వరగా నిద్రపోవడం, రాత్రి తక్కువగా లేవడంతో పాటు తల్లుల మనసు కూడా కుదుటపడింది.

నా కష్టం ఏంటంటే వాడు పడుకున్నాకే నాకంటూ సమయం దొరుకుతుంది. ఆ గంటన్నర వదులుకుని పడుకోవాలంటే ప్రాణం ఒప్పదు.

వేకువచుక్క | మంగళవారం, రాత్రి 10:51

వదులుకోకండి. ఆ గంటన్నరా మీది. కాకపోతే ముందు మీకు నచ్చిన పని, చివరి అరగంట ఒంటిని నిదానం చేసే పనులు, అలా రెండు ముక్కలు చేసుకోండి. ఇంట్లో ఇంకొకరు వాడిని పడుకోబెట్టే రోజులు వారంలో కొన్ని ఉండేలా అడగండి. అది అడగడం మీ హక్కు.

నైట్‌డ్యూటీ | బుధవారం, ఉదయం 8:20

నర్సుని. రాత్రి డ్యూటీలు, పగటి డ్యూటీలు మారుతుంటాయి. లేచే వేళ ఖాయం చేసుకోమంటే నాకు కుదరదు. కాబట్టి నాకు వరసే దిక్కు. వేళ మారినా వరస మారదు. ఇంటికి రాగానే స్నానం, కిటికీలకి మందపాటి తెరలు, కళ్లకు పట్టీ, చెవుల్లో దూది, ఫోను సైలెంటు. ఇంట్లోవాళ్లకి తలుపు మీద కాగితం అంటించి పెడతాను. రాత్రి డ్యూటీలు వరసగా ఉన్న రోజుల్లో కాఫీ డ్యూటీ మొదటి సగంలోనే. మాలాంటివాళ్లు ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా పగటి నిద్ర తక్కువగానే ఉంటుంది. అది మన చేతకానితనం కాదు, గడియారం ఎదురు తిరుగుతోంది, అంతే.

స్నానం గురించి: పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు గోరువెచ్చని కన్నా కాస్త వేడి నీళ్లు, 40 నుంచి 42 డిగ్రీలు, పది నిమిషాలు చాలు. చేతులకీ కాళ్లకీ రక్తం పారి లోపలి వేడి బయటకు పోతుంది. ఒంటి లోపలి వేడి తగ్గడమే నిద్రకి దారి. అందుకే పక్క ఎక్కే ముందు నిమిషంలో కన్నా కాస్త ముందుగా చేయడం మేలు.

పరీక్షలరాయుడు | బుధవారం, సాయంత్రం 5:40

స్మార్ట్ వాచీ ఉన్నవాళ్లు చెప్పండి, అందులో గాఢనిద్ర తక్కువ చూపిస్తోంది. దాన్ని ఎలా పెంచాలి?

నిదానం | బుధవారం, రాత్రి 9:00

పొద్దున మీకు ఎలా ఉందో వాచీని అడక్కండి. చేతి కదలికా, గుండె వేగాన్ని బట్టి అది వేసే అంచనా, మెదడు తరంగాల కొలత కాదు. అంకెల కోసం ఆరాటపడి నిద్ర పాడుచేసుకునేవాళ్లు ఎంతమంది వస్తున్నారంటే, 2017లో పరిశోధకులు దీనికి ఆర్థోసోమ్నియా అని పేరే పెట్టారు. కొన్నాళ్లు వాచీ తీసి పక్కన పెట్టండి.

మాగన్ను | కొన్ని వారాల తర్వాత, శనివారం, ఉదయం 7:15

చెప్పినవన్నీ ఒకేసారి పెట్టుకోలేదు. మొదట లేచే వేళ. శనివారం కూడా ఏడింటికల్లా లేస్తున్నాను. తర్వాత కాగితం. పని ముగిశాక ల్యాప్‌టాప్ మూసే ముందే రేపటివి రాసి, ఆ కాగితం దాని మీదే పెట్టి వస్తున్నాను. పెద్ద లైట్లు ఆర్పి, స్నానం చేసి, సోఫాలో కాకుండా కుర్చీలో పుస్తకం. పాతకాపు గారు చెప్పినట్టు చదివినదే. మగత వచ్చాకే లోపలికి. మొదటి వారం చాలా కష్టంగా గడిచింది, లేచి బయటకు రావాల్సి వచ్చిన రాత్రులే ఎక్కువ. ఇప్పుడు పక్క మీదకు వెళ్లాక ఎక్కువసేపు దొర్లడం లేదు.

ఒక్కటి మిగిలింది. మూడింటికి మెలకువ వస్తోంది. అప్పుడేం చేయాలి?

నిదానం | శనివారం, ఉదయం 10:30

చాలా సంతోషం. ఇంత ఓపికగా చేసినవాళ్లు తక్కువ.

మెలకువ రావడం తప్పు కాదు. నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృతాలుగా నడుస్తుంది, తెల్లవారుజాముకి తేలికపడుతుంది. అందరికీ మధ్యలో మెలకువలు వస్తాయి, చాలావరకు గుర్తుండవు. గడియారం చూడకండి, గోడవైపు తిప్పేయండి. పాదాల నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగాన్నీ కొన్ని క్షణాలు బిగించి వదలండి. ఎడ్మండ్ జేకబ్‌సన్ వంద ఏళ్ల కిందట రూపొందించిన కండరాల సడలింపు పద్ధతికి ఇది చిన్న రూపం. ఊపిరి మీద ధ్యాస నిలవనివాళ్లకి ఇది తేలిక. అయినా మనసు పరుగులు పెడితే లేచి కుర్చీలోకి. మద్యం తీసుకునే అలవాటున్నవాళ్లకి ఒక మాట, అది త్వరగా నిద్రపుచ్చినట్టే ఉంటుంది గానీ రాత్రి రెండో సగాన్ని ముక్కలు చేస్తుంది.

చదివే మిగతావాళ్ల కోసం కూడా. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలకు పైగా నిద్ర పట్టక పగటి పనులు దెబ్బతింటుంటే ఇంటి పద్ధతులతో ఆగొద్దు. నిద్రలేమికి ప్రత్యేకమైన సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) చికిత్స ఉంది, అంటే నిద్ర చుట్టూ ఉన్న ఆలోచనలనూ అలవాట్లనూ మార్చడం. దీర్ఘకాల నిద్రలేమికి మొదట ఇవ్వాల్సింది అదేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు పక్కవాళ్లు గమనిస్తే, రాత్రి కాళ్లు కదపకుండా ఉండలేకపోతే, పగలు కూర్చున్నచోటే నిద్ర ముంచుకొస్తే డాక్టరుని కలవండి. వాటికి కారణాలు వేరు, పుస్తకం, స్నానంతో తగ్గవు. నిద్రమాత్రలు వాడుతున్నవాళ్లు ఇది చదివి ఉన్నపళంగా ఆపేయొద్దు, రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడాకే.

పాతకాపు | శనివారం, మధ్యాహ్నం 12:05

మధ్యాహ్నం కునుకు మాటేంటి అమ్మా? ఈ వయసులో అది లేకపోతే నాకు సాయంత్రం గడవదు.

నిదానం | శనివారం, మధ్యాహ్నం 12:40

రాత్రి మీకు హాయిగా పడుతోంది కాబట్టి మానక్కర్లేదండి. మూడింటిలోపు, అరగంట దాటకుండా చూసుకోండి, అలారం పెట్టుకుని. రాత్రి నిద్ర తగ్గినట్టు అనిపించిన రోజున ముందు ఈ కునుకునే తగ్గించి చూడండి. మాగన్ను గారికి మాత్రం ఇంకొన్నాళ్లు వద్దు.